చాటెడు తౌడు

మొన్న ఆదివారం మీ అమ్మ మీ నాయన ఫోన్‌లోంచి మాట్లాడింది. తన ఫోన్ ఏమైందని అడిగితే, నీ చెల్లెలు చిట్టి దాన్ని తీసుకుపోయి దోసెల పిండిలో ముంచిందని చెప్పింది. తాను గిన్నెలో చెయ్యి పెట్టి వెతుకుతుంటే అది పక్కనే కూర్చుని చప్పట్లు కొట్టిందట. మీ అమ్మ గొంతు ఏడుపుకు దగ్గరగా ఉంది. ఏదో ఒకటి చెప్పి ఓదార్చాలి కదా, నా నోటి నుంచి ఈ మాట వచ్చింది:

"ఊకో పిల్లా. కట్టు తెంపుకోని దూడకు బలమేడిది?"

 మీ అమ్మ, నీక్కూడా ఆమె మాటలే వస్తున్నాయా అత్తా అని నవ్వింది. పక్కనే ఉన్నట్టున్నావు పెద్దోడా, ఎవరి మాటలని అడిగావు. కొన్నమ్మవి అన్నాను. కొన్నమ్మ ఎవరు అన్నావు.

పొయ్యి మీద పాలున్నాయని చెప్పి ఫోన్ పెట్టేశాను. పాలూ లేవు, పొయ్యీ వెలగలేదు. నిన్ను కొనుక్కున్న మనిషిని పట్టుకుని ఎవరని అడిగితే ఫోన్‌లో రెండు ముక్కల్లో చెప్పేది కాదు. అందుకే ఇప్పుడు తీరిగ్గా చెబుతున్నాను. చిట్టీ, నువ్వు కూడా విను. అర్థం కాకపోయినా పర్వాలేదు. కాసేపు ఒక్కచోట కూర్చుంటే అదే పదివేలు.

ఆమె మన ఎదురింటి మనిషి. ఊళ్లో అందరూ బర్రెలామె అనేవాళ్లు. హాలియా అంగడిలో బక్క బర్రెలను ఏరి కొనేది. కాలువ గట్టు గడ్డితో మేపి, ఒళ్లు చేశాక అమ్మేది. మనిషి ఎత్తరి, గట్టి మనిషి. చీర ఎప్పుడూ మడమలకు జానెడు పైన ఉండేది, దవడలో వక్క పలుకు ఉండేది. ఎవరైనా ఎదురుపడితే ముందు ముఖం చూసేది కాదు. కాళ్లు చూసేది, తర్వాత కడుపు, ఆ తర్వాత నోరు. అంగడిలో పడిన అలవాటు మనుషుల దగ్గర కూడా పోలేదు. నేను ఈ ఊరికి కాపురానికి వచ్చిన కొత్తలో నన్నూ అట్లాగే కిందినుంచి పైదాకా చూసి, పిల్ల నిలబడుతుంది, పర్వాలేదని మా అత్తకు చెప్పి పోయింది. ఆ రోజు నుంచీ ఆమె అంటే నాకు కొంచెం మంటే.

మేలు చేసినా మంట పుట్టించేలాగే చేసేది. పిలవకుండా వచ్చేది. తలుపు మూసి ఉంటే కిటికీలోంచి మాట్లాడేది. కూరలో ఉప్పెక్కువైందని చెప్పి ఆ కూరే మళ్లీ వడ్డించుకునేది. చెప్పింది తప్పని తేలితే ఒప్పుకోవడం ఆమె ఒంట్లో లేదు. ఒకసారి పడమటి మబ్బు చూసి వాన రాదని చెప్పి, మా చేత వడ్లు ఆరబోయించింది. మధ్యాహ్నానికల్లా వడ్లు వానలో ఈదాయి. మర్నాడు వచ్చి, తాను చెప్పింది తన ఇంటి మీది మబ్బు సంగతని, మా ఇంటి మీది మబ్బు తనకేం తెలుసని అంది. రెండిళ్లకూ మధ్య ఒక ఎడ్లబండి పట్టేంత దారి, అంతే.

ఇక నీ సంగతి. నీకంటే ముందు మీ అమ్మకు ఇద్దరు పుట్టారు. ఇద్దరూ నిలవలేదు. దాని గురించి ఇంతకంటే చెప్పను. నువ్వు పుట్టాక మీ అమ్మ నీకు పాలిచ్చేది కానీ నీ ముఖంలోకి చూసేది కాదు. చూస్తే పోతావేమో అన్నట్టు గోడవైపు తిరిగి కూర్చునేది. ఎవరితోనూ మాట లేదు. మీ నాయన ఫోన్‌లో వెతికి వెతికి నీకొక పేరు తెచ్చాడు. ఆ పేరు కూడా ఆమె పలకలేదు.

అట్లా పుట్టిన పిల్లలను మా వైపు అమ్మేస్తారు. భయపడకు, ఇది శాంతి కోసం చేసే పని. పురుటి స్నానం నాడు పిల్లవాణ్ని చాటలో పడుకోబెట్టి, పెంటకుప్ప దాకా ఈడ్చుకుపోయి అక్కడ వదులుతారు. కన్నపిల్లలందరూ బతికి ఉన్న తల్లి ఎవరైనా వచ్చి, చాటెడు తౌడు పోసి కొనుక్కుంటుంది. అప్పటినుంచి ఆ పిల్లవాడు మనవాడు కాడు. చావు వెతుక్కుంటూ వచ్చినా మన వాకిట్లోకి రాదు, ఇక్కడ మన పిల్లలెవరూ లేరు కదా. కుప్ప మీద దొరికాడు కాబట్టి పెంటయ్య అని పిలుస్తారు. బర్రెలామెకు ఐదుగురు పిల్లలు. ఐదుగురూ గుండ్రాళ్లలా ఉన్నారు. ఈ పనికి ఆమె కంటే తగినవాళ్లు లేరని వెళ్లి అడిగాం. ఆమె కంటే తగనివాళ్లు కూడా లేరని తర్వాత తెలిసింది.

కొన్ని మాటలుంటాయి, కొనే ఆమె అడగాలి, తల్లి జవాబు చెప్పాలి. నేను వెనక నిలబడి మీ అమ్మకు మాటలందిస్తున్నాను. అమ్ముతావా అంటే అమ్ముతాననాలి. ఏమిస్తే ఇస్తావంటే చాటెడు తౌడు అనాలి. అంతే. ఇక ఆమె తౌడు పోసి నిన్ను ఎత్తుకోవాలి. ఆమె పోయలేదు. కొంగు నడుముకు చుట్టి కింద కూర్చుంది. గుడ్డ తొలగించి నీ కాలు పట్టి చూసింది, కడుపు నొక్కింది, దవడ పట్టి నోరు తెరిచింది. నువ్వు కేరుమన్నావు.

"గింత బక్కగున్నడు. గీనికి చాటెడేడిది? సగం ఇస్త."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు బిత్తరపోయారు. నాకు ఒళ్లు మండింది. శాంతి పనిలో బేరమేమిటి? నేను నోరు తెరిచేలోపలే, అన్ని రోజులూ గొంతు విప్పని మీ అమ్మ అంది:

"సగానికియ్య. చాటెడు పోస్తెనే ముట్టు. లేకుంటె నా పిల్లగాన్ని ఆడ పెట్టు."

ఆమె మీ అమ్మ కాళ్లు చూసింది, తర్వాత ముఖం చూసింది. మారుమాట లేకుండా నిండు చాట పోసింది. నిన్నెత్తి మీ అమ్మ ఒళ్లో పెడుతూ, తన ఇంట్లో జాగా లేదు కాబట్టి నిన్ను మాకు పాలుకిస్తున్నానని చెప్పింది. పాలుకివ్వడమంటే మీకు తెలియదు. బర్రె ఉండి గడ్డి లేనివాళ్లు దాన్ని గడ్డి ఉన్నవాళ్లకు సాదమని ఇస్తారు. సాదినవాళ్లకు దూడల్లో సగం వస్తుంది, బర్రె మాత్రం ఇచ్చినవాళ్లదే. ఆటకు అన్నదనుకుని అందరం నవ్వాం. అది మా పొరపాటు.

మర్నాడు నేను వాకిలి ఊడ్చేసరికే ఆమె గడపలో ఉంది. నా సొమ్ము లేచిందా అని అడిగింది. ఆ రోజు మొదలు రోజూ అదే. పాలు పితికి, చేతులు కడుక్కుని, సరాసరి మన ఇంటికి. నిన్ను ఎత్తి బరువు చూసేది. కడుపు మీద వేలితో తట్టి చప్పుడు వినేది. పళ్లు రావడం మొదలయ్యాక వేలు పెట్టి లెక్కపెట్టేది, నువ్వు కొరికేవాడివి, ఆమె సంతోషపడేది. పెద్దవాళ్లు నీకు పెంటయ్య అని పేరు పెట్టినందుకు మీ నాయన మొహం ముడుచుకున్నాడు కానీ, నువ్వు ఆ పేరుకు తప్ప దేనికీ పలికేవాడివి కాదు. ఆమెను కొన్నమ్మ అనడం ఎవరు నేర్పారో తెలియదు, నువ్వే అన్నావు.

నీ గురించి కూడా కొంచెం చెప్పాలి. నువ్వు నడవలేదు. పాకడం నుంచి నేరుగా పరుగుకు వెళ్లావు. నీకు వచ్చిన మొదటి మాట అమ్మ కాదు, తాత కాదు, "ఇయ్య". చేతిలో ఉన్నది ఏదైనా సరే, ఇయ్య, అంటే ఇవ్వనని. మీ తాత చెప్పు బియ్యం డబ్బాలో దొరికేది. టీవీ రిమోట్ బర్రె తాగే కుడితి గోలెంలో దొరికేది. ఇంటికి కొత్తగా నల్లా వచ్చిన రోజుల్లో దాన్ని తిప్పి వాకిలంతా మడి చేశావు, ఆ మడిలో నేను ఎండబోసిన మిరపకాయలను నారులాగా వరసగా నాటావు. ఒకనాడు మీ తాత స్నానానికి పోతే బయట గొళ్లెం పెట్టి నువ్వు కోళ్ల వెంట పోయావు. మేమంతా చేనులో ఉన్నాం. మీ తాత అరిచి అరిచి, చివరికి లోపలే తడిగుడ్డ పరుచుకుని పడుకున్నాడు. అన్నం సంగతి అడక్కు. నోట్లో ఒక ముద్ద పెట్టాలంటే ఇంటి చుట్టూ ఒక చుట్టు. మీ అమ్మ ఆ రోజుల్లో చిక్కిపోయింది అని అందరూ అన్నారు. చిక్కదా మరి, రోజుకు మైళ్లు నడిచేది.

ఇన్ని జరుగుతుంటే కొన్నమ్మ ఎక్కడ ఉండేది? జరిగేటప్పుడు ఉండేది కాదు. జరిగాక వచ్చేది. వచ్చి, కట్టు తెంపుకోని దూడకు బలమేదని చెప్పి, వక్క మార్చుకుని పోయేది. మిరపకాయలు నాటిన రోజు మీ అమ్మ ఓపిక తెగి చెయ్యెత్తింది. ఎక్కడినుంచి చూసిందో ఏమో, కిటికీలోంచి ఆమె గొంతు వినపడింది. తన సొమ్ము మీద చెయ్యి వెయ్యడానికి పాలుకు సాదేవాళ్లకు హక్కు లేదట. ఆ మాట చెప్పి లోపలికి వచ్చి, మిరపకాయలు తొక్కుతున్న నిన్ను తానే పిర్ర మీద ఒకటి వేసింది. మీ అమ్మ అడిగితే, యజమాని కొట్టడం వేరు అంది.

నాట్ల కాలంలో ఒకరోజు కూలీలు దొరకలేదు, మేమందరం పొలంలో దిగాల్సి వచ్చింది. నీ సొమ్మే కదా, పొద్దుగూకేదాకా జర చూసుకో అక్కా అని అడిగాను. ఆమె ఎంత నెమ్మదిగా చెప్పిందో:

"పాలుకిచ్చినోళ్లు మేపుతరా చెల్లె? నువ్వే చెప్పు."

చెప్పడానికి ఏముంది? నిన్ను చంకనేసుకుని పొలానికి పోయాను. నువ్వు గట్టు మీద కూర్చుని, నాటిన నారు నాటినట్టు పీకావు.

ఇంకొక వింత. మన ఇంట్లో ఏం చేసినా నువ్వు ఆమె సొమ్మువి. ఆమె ఇంట్లో ఏమైనా చేస్తే మాత్రం మా పిల్లవాడివి. ఒకనాడు మెల్లగా దారి దాటి పోయి, ఆమె దొడ్లో దూడ కట్టు విప్పావు. పితకక ముందే దూడ పాలన్నీ తాగేసింది. ఆమె ఖాళీ తపేలా పట్టుకుని మన వాకిట్లోకి వచ్చి, మీ పోరడు ఏం చేసిండో చూడుండ్రి అని వాడంతా వినేటట్టు చెప్పింది. ఎవరి పోరడు అక్కా అని మీ తాత అడిగాడు. ఆమె మా చెంబులోంచి పాలు తన తపేలాలో వంచుకుని పోయింది.

నీకు మూడో ఏడు రాబోతుండగా, మీ నాయనకు జడ్చర్లలో మందుల కంపెనీలో పని ఖాయమైంది. గది కిరాయికి తీసుకుని మీ అమ్మనూ నిన్నూ వచ్చెయ్యమన్నాడు. పోయే ముందు రెండు పనులు కావాలి. గుట్ట మీద స్వామికి నీ పుట్టు వెంట్రుకలు ఇవ్వాలి. దానికంటే ముందు నిన్ను కొన్నమ్మ దగ్గర తిరిగి కొనుక్కోవాలి. అది పద్ధతి. ఎంత తౌడు పోసి కొన్నదో అంత తౌడు తిరిగి పోస్తే, పిల్లవాడు మళ్లీ తల్లివాడు అవుతాడు.

నేను, మీ అమ్మ నిండు చాట పట్టుకుని పోయాం. ఆమె తౌడు వైపు చూసి, పళ్లన్నీ రాలేదు, ఇప్పుడే ఇవ్వనంది. కొన్నాళ్లాగి పోయాం. పోసే తౌడు కొన్న తౌడంత మెత్తగా లేదంది. మళ్లీ పోతే, పాలు పితికే పనిలో ఉన్నాను, సాయంత్రం మాట్లాడదామంది. సాయంత్రం పోతే ఇంట్లో లేదు. ఈ లోపల నీ జుట్టు చూడాలి. భుజాల దాకా పెరిగి, జడలు కట్టి, దువ్వెన పడితే ఊరు లేచేటట్టు ఏడ్చేవాడివి. మీ అమ్మకు జడ్చర్ల పోవాలని ఉంది. నా వయసుకు నిన్ను పట్టుకోవడం నా వల్ల కావడం లేదు. అందరి పనీ ఆమె ఒక్క మాట దగ్గర ఆగిపోయింది. ఫోన్‌లో మీ నాయన, ఇవన్నీ ఉత్త ముచ్చట్లు, వాడికి గుండు కొట్టించి బస్సెక్కండి అన్నాడు.

చివరికి అట్లాగే అనుకున్నాం. ఆమెకు చెప్పకుండా ఆటో మాట్లాడుకున్నాం. తెల్లారి మూటలు పట్టుకుని బయటికి వస్తే, ఆమె ఆటోలో కూర్చుని ఉంది. తలకు నూనె, పట్టంచు చీర, ఒళ్లో కొబ్బరికాయ. తన పిల్లగాని వెంట్రుకలకు తాను రాకపోతే ఎట్లా అని అడిగింది. మీ అమ్మ నా వైపు చూసింది. నేను ఆటో అతని వైపు చూశాను. అతను ముందుకు చూశాడు.

గుట్ట మీద మీ మేనమామ నిన్ను ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. మొదటి కత్తెర పడేలోపల నువ్వు ఆయన్ని గడ్డం కింద తన్ని, తడి తలతో మెట్ల వెంట పరుగు తీశావు. పట్టుకొచ్చారు. మళ్లీ పారిపోయావు. ఈసారి మీ అమ్మ పట్టుకుంది, ఆమె జుట్టు నీ చేతికి వచ్చింది. మంగలాయన కత్తి కింద పెట్టి, నిద్రపోయినప్పుడు తీసుకురమ్మన్నాడు. నువ్వు నిద్రపోయే పిల్లవాడివైతే ఇంకేం కావాలి?

కొన్నమ్మ అప్పటిదాకా స్తంభానికి ఆనుకుని చూస్తోంది. ఎవరూ పిలవకుండానే వచ్చి కూర్చుంది. దూడకు గొట్టంతో మందు పోసేటప్పుడు పట్టినట్టు, నీ కాళ్లు తన మోకాళ్ల మధ్య బిగించి, ముంజేతిని నీ ఛాతీకి అడ్డంగా వేసింది. నువ్వు తల వంచి ఆ చెయ్యి కొరికావు. ఆమె కదల్లేదు.

"నువ్ కానియ్. వాడు నా చెయ్యి తింటున్నడు, ఊకుంటడు."

నిజంగానే ఊరుకున్నావు. పళ్లు దిగేసినవాడివి దిగేసినట్టే ఉన్నావు, తల మీద కత్తి పోతూనే ఉంది. అయిపోయాక నీ గుండుకు గంధం పూశారు. ఎవరో కొత్త పిల్లవాడిలా అయ్యావు. ఆమె చేతి మీద రక్తం చుక్కలు తేలాయి. ఇదే సమయం, దేవుడి ముందు కాదనదని, నేను మూటలో దాచి తెచ్చిన తౌడు తీసి ఆమె ముందు పెట్టాను. ఆమె చెయ్యి తుడుచుకుంటూ తౌడు చూసింది. ఇయ్య అంది. నువ్వు అన్నట్టే. లేచి మెట్లు దిగిపోయింది.

ఆ రోజు నాకు వచ్చిన కోపం ఇప్పుడు చెబితే మీకు నవ్వొస్తుంది. మెత్తగా మాట్లాడతానని పేరున్న దాన్ని, మర్నాడు, బస్సుకు ఇంకా రెండు రోజులుందనగా, అదే తౌడు మూట పట్టుకుని ఆమె కొట్టంలోకి పోయాను. ఆమె పాలు పితుకుతోంది. నీకు ఐదుగురు చాలలేదా, మా ఒక్కణ్ని పట్టుకుని ఎందుకు వేధిస్తున్నావని అడిగాను. ఇదంతా పాత ముచ్చట అక్కా, ఉత్త ఆట, తిరిగి ఇచ్చాననే మాట ఒక్కటి అనేసి వదిలెయ్యమన్నాను.

"ఉత్త ముచ్చటైతె తౌడు పట్కొని ఎందుకొచ్చినవ్?"

 ఆమె పొదుగు మీదినుంచి చెయ్యి తియ్యకుండానే మాట్లాడింది. కొన్న రోజునుంచీ చావు నిన్ను వెతుక్కుంటూ వస్తే తన వాకిలికే వస్తుందట. అంతకు ముందటి వానాకాలం ఆమె పాడిబర్రె పాము కరిచి చచ్చిపోయింది. ఊరంతా అయ్యో అంటే, ఆమె ఒక్కతే తేలిక పడ్డట్టు కనిపించింది, ఎందుకో నాకు అప్పుడు అంతు పట్టలేదు. అది నీ లెక్కలో వచ్చి బర్రెను పట్టుకుపోయిందని ఆమె నమ్మకం.

"ఇప్పుడు నేను మల్లిస్తె, అది మల్ల నీ కోడలు తొవ్వ పడ్తది. గా పోరి ఇంకోపాలి ఓర్సుకోదు చెల్లె. నాకెర్కె. నేనైతె ఓర్సుకుంట."

పాల ధార తపేలాలో పడుతూనే ఉంది. నేను తౌడు మూట అక్కడే గోలెం పక్కన పెట్టి వచ్చాను. సాయంత్రం దాన్ని కుడితిలో కలిపి బర్రెలకు పెట్టిందని తెలిసింది. కొనుగోలు కాలేదు, తౌడు మాత్రం పోయింది. ఆమె సంగతి అట్లా ఉండేది. మీ అమ్మకు నేనేమీ చెప్పలేదు. ఒప్పుకోలేదని మాత్రం చెప్పాను. మీ అమ్మ ఒప్పుకోకపోతే మానె అని మూటలు కట్టింది.

మీరు వెళ్లాక నాకు విశ్రాంతి అనుకున్నాను. ఆమె పొద్దున్నే రావడం మానలేదు. ఫోన్ కలపమనేది. ఆమె ఫోన్‌లో మాట్లాడేది కాదు, దూరంగా పట్టుకుని చూసేది. నీ ముఖం కనబడితే, కాళ్లు చూపించమను అనేది. మీ అమ్మ విసుక్కుంటూ ఫోన్ కిందికి దించేది, నువ్వు కాళ్లు ఎగరేస్తూ నవ్వేవాడివి. నిజంగా గుర్తులేదా? తర్వాత నీకు బడి మొదలైంది. ఫోన్ చేసే వేళకు నువ్వు ఉండేవాడివి కాదు. ఆమె కాసేపు కూర్చుని, కూరలో ఉప్పు చూసి పోయేది.

ఆమె మంచాన పడ్డది ఆ తర్వాత ఏడాదో రెండేళ్లో గడిచాక. కాళ్లు వాచాయి, బర్రెలను కొడుకులు అమ్మేశారు. చూడ్డానికి పోతే నా కాళ్ల వైపే చూసింది, నీకూ వాపుందని చెప్పింది. నాకు లోపల ఒకటే భయం. ఈమె ఇట్లాగే పోతే నువ్వు ఎవరి లెక్కలో ఉంటావు? పోయినవాళ్ల సొమ్ముగా నిన్ను ఉంచడానికి నా మనసు ఒప్పలేదు. ఉత్త ముచ్చటే కావచ్చు. మీ నాయన నవ్వొచ్చు. నేను చాటలో తౌడు పోసుకుని పోయాను.

ఆమె గుప్పెడు తీసి వాసన చూసింది. పాత తౌడు, ముక్కిపోయిందని తిప్పిపంపింది. పట్టపగలు ఎండలో మిల్లు దాకా పోయి, అప్పుడే ఆడించిన తౌడు, వేడి కూడా తగ్గనిది, పట్టుకొచ్చాను. వచ్చేసరికి నిద్రపోతోంది. ఆమె కోడలు నాకు స్టూలు వేసింది. కూర్చున్నాను. మంచాన పడ్డ మనిషి మీద కోపం తెచ్చుకోకూడదని నాకు నేను చెప్పుకుంటూ కూర్చున్నాను. లేచి, ఇంకా పోలేదా అని అడిగింది. పోలేదన్నాను. మళ్లీ వాసన చూసింది. ఈసారి పర్వాలేదంది.

"నీ కోడలికియ్య. నీకైతె ఇస్త. తీస్కుంటవా? ఆలోచన చేసి చెప్పు."

ఏం అడుగుతోందో నాకు తెలుసు. ఇకమీద అది ఎవరి వాకిలికి రావాలని అడుగుతోంది. ఆలోచించడానికి ఏముంది? తీసుకుంటానన్నాను. ఆమె తన అరచేయి మంచం అంచుకు జరిపింది, ఆ చేతి మీద నీ పళ్ల గాటు తెల్లగా ఇంకా ఉంది. నేను తౌడు పోశాను. వేళ్ల సందుల్లోంచి కారి నేల మీద పడింది. నేను ఎత్తబోతే, కోళ్లు తింటాయి ఊరుకో అంది. కళ్లు మూసుకుని, ఇకనుంచి ఆ పోరడు ఏం చేసినా తనకు చెప్పుకోవద్దంది. నాలుగైదు రోజులకు పోయింది.

మీ అమ్మకు ఈ సంగతి ఇప్పటిదాకా చెప్పలేదు. రోజూ పొద్దున్నే ఫోన్ చేసి, లేచాడా, తిన్నాడా, జ్వరమేమైనా ఉందా అని అడుగుతుంటే, పెత్తనం ఎక్కువైందత్తా అంటుంది. నువ్వు కూడా, అవ్వా రోజూ అదే అడుగుతావు అని ఫోన్ పెట్టేస్తావు. ఏం చెయ్యమంటావు? చిట్టి సంగతి నాకు ఫికర్ లేదు. అది ఎవరికీ అమ్మని పిల్ల, దాన్ని కొనే ధైర్యం కూడా ఎవరికీ లేదు.

పోయినేడు వానాకాలం నీకు జ్వరం దిగక దవాఖానాలో పెట్టారు చూడు, ఆ వారమే నేను మన వాకిట్లో జారిపడ్డాను. మీ నాయన, ఇన్నేళ్ల వాకిలి, చూసుకుని నడవలేవా అని ఫోన్‌లో కోప్పడ్డాడు. కోప్పడనీ. కట్టు కట్టించుకుని వచ్చేసరికి, నీకు జ్వరం దిగిందని, ఇడ్లీ అడిగావని మీ అమ్మ చెప్పింది. చెయ్యి కొంచెం వంకరగానే అతుక్కుంది. పర్వాలేదు. అన్నం కలుపుకోవడానికి వస్తోంది.